గవిసాములకు వేసిన సున్నం

మా వంటింటి గట్టుకు కొత్త రాయి వేయించారు. పాతది అంచుల్లో పగిలి, సందుల్లో బొద్దింకలు చేరాయని కోడలు చాలా రోజులుగా అంటోంది. యలహంకలో మా ఫ్లాటు చిన్నదే. రాయి కోసేందుకు వేరే చోటు లేక పనివాళ్ళు బాల్కనీలోనే పెట్టుకున్నారు. కోత మిషను కింద నీళ్ళు పోస్తుంటే తెల్లటి బురద కారి వంటింటి గడప దాకా వచ్చింది. గుడ్డ తీసుకుని తుడవడానికి వంగాను. అప్పుడు తగిలింది ఆ వాసన.

తడిసిన రాతిపొడి వాసన. ఎట్లా చెప్పాలో నాకు చేతకాదు. ఎండకు కాగిన బండ మీద చెంబెడు నీళ్ళు పోస్తే ఒక్క క్షణం లేచి మాయమవుతుందే, అదీ. దానికి ఆముదం, గబ్బిలాల రెట్ట, అప్పుడే విరిసిన సున్నం కలిపితే నా చిన్నతనం.

గుడ్డ ఒక చేతిలోనే ఉంది. రెండో చేతి వేలు ఆ తెల్ల బురదలో తనంతట తాను కదిలింది. ఒక గుండ్రం, దాని పక్కన కొక్కెం లాంటి గీత, మళ్ళీ గుండ్రం.

"అవ్వా, ఏం రాస్తా ఉండావు?" అని మనవరాలు వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది. ఇంకా బడికి పోని పిల్ల.

"ఏం లేదమ్మణ్ణీ" అన్నాను. ఏం రాశానో నాకు మాత్రం ఏం తెలుసు?

రాయి కోస్తున్న ఆయనను అడిగాను, "ఈ రాయి యాడిదప్పా?" అని.

"లారీలో వస్తాదమ్మా. గోడౌన్లో పలకలుగా నిలబెట్టుంటారు, మేం ఎత్తుకొస్తాం. ఏ గుట్టదో ఎవరికి తెలుస్తాది?" అని మళ్ళీ మిషను వేశాడు. ఆ చప్పుడులో ఇంకేం అడగలేకపోయాను. అడిగినా ఆయన చెప్పేదేముంది?

నా పుట్టిల్లు బెంగుళూరు నగర్తపేట. నాయనకు జరీ, లేసులు అమ్మే చిన్న అంగడి. కింద అంగళ్ళు, పైన ఇళ్ళు, వెనక సందుల్లో వెండి కరిగించే కుంపట్లు. ఆ పొగకు నాకు ఆయాసం వచ్చేది. ఛాతీలో పిల్లికూతలు. బడికి పంపితే మధ్యాహ్నానికల్లా ఎవరో ఒకరు ఎత్తుకొచ్చి మెట్ల మీద దింపిపోయేవాళ్ళు. చూసి చూసి నాయన, "చదువు యాడికీ పోదు, బిడ్డ ఊపిరి పోతాది" అని బడి మానిపించేశాడు. తెలుగు ఆయన దగ్గరే నేర్చుకున్నాను, జరీ చుట్టిన అట్టముక్కల వెనక రాసి. కన్నడం పక్కింటి వాళ్ళతో మాట్లాడి, లెక్కలు అంగడిలో కూర్చుని. అదే నా చదువు. దానికీ దేవుడికి దండం పెట్టుకుంటాను. ఆయాసమే లేకపోతే ఎండాకాలాలన్నీ అవ్వ దగ్గర గడిపే భాగ్యం నాకెక్కడిది?

అవ్వ అంటే మా అమ్మ వాళ్ళమ్మ. బస్సులో యలహంక దాటి ఉత్తరంగా పోతే పోనుపోను కన్నడం పలచబడి తెలుగు చిక్కబడుతుంది. అక్కడ ఆమె ఊరు. ఇప్పుడు మా అపార్టుమెంటు ముందు నుంచి పోయే రోడ్డే అది. అప్పట్లో ఈ రోడ్డు పక్కన ద్రాక్షతోటలూ చక్కోత పండ్ల చెట్లూ ఉండేవి. కిటికీలోంచి ఆ గాలి తగలగానే అమ్మ నా ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసేది, పిల్లికూతలు తగ్గాయా అని.

అవ్వ ఊరి వెనకనే గుట్ట. గుట్ట నడుమ గవి. గవి అంటే పెద్ద గుహేం కాదు, రెండు బండలు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఇచ్చిన నీడ. వంగి లోపలికి పోతే మనిషి నిలబడేంత ఎత్తు. ఎదురుగా గోడ మీద, దాదాపు విడిగా నిలిచేట్టు రాతిలోనే చెక్కిన సాములు. నడుమ ఒకాయన కాళ్ళు మడిచి కూర్చుని ఉంటాడు. అటొకరు, ఇటొకరు నిలబడి ఉంటారు. చేతులు తిన్నగా కిందికి వేలాడుతుంటాయి, ఒంటికి తగలకుండా. ఒకాయన తల మీద పాము పడగ విప్పి ఉంటుంది. చెవులు భుజాల దాకా. శంఖం లేదు, చక్రం లేదు, శూలం లేదు. ఒంటి మీద నూలుపోగు కూడా లేదు. వాళ్ళు జైనుల దేవుళ్ళని ఊళ్ళో ఎవరికీ తెలియదు. అందరికీ గవిసాములు, అంతే.

మామ కొడుకులు నాకంటే కొంచెం పెద్దవాళ్ళు. సాములను చూసి కిసుక్కున నవ్వేవాళ్ళు. ఒకరోజు మామ తుండుగుడ్డ తెచ్చి నిలబడిన సామికి మొలకు చుట్టి, కిందికి జారకుండా తుమ్మముల్లు గుచ్చారు. "ఇప్పుడు సామి సంతకు పోతాడు" అని ఒకడు, "చెప్పులు మరిచిపోయినాడు" అని ఇంకొకడు. నేనూ నవ్వాను, దగ్గు వచ్చేంత. సరిగ్గా అప్పుడే అవ్వ ఆముదం గిన్నెతో వచ్చింది.

"బిడ్డ పుట్టేటప్పుడు బట్ట కట్టుకునే పుడతాదా?" అంది. "సామి పుట్టినట్టే ఉండాడు. సిగ్గు మీ కంట్లో ఉండాది గానీ ఆయన ఒంటి మీద లేదు." తుండు లాగి దాంతోనే వాళ్ళ వీపుల మీద తలా ఒకటి ఇచ్చింది. తర్వాత ఏమీ జరగనట్టు సాములకు నూనె పూసింది, పసిబిడ్డకు పూసినట్టు, చంకల కింద, మోకాళ్ళ వెనక.

గవి నేల మీద రాతిలోనే తొలిచిన పడకలు ఉండేవి. తల పెట్టేచోట దిండులాగా కాస్త ఎత్తు. వెనకటికి సన్యాసులు పడుకునేవాళ్ళట. ఎండాకాలం మధ్యాహ్నాలు అవ్వ నన్ను వాటి మీద పడుకోబెట్టేది. వీపుకు చల్లగా తగిలేది రాయి. పైన గబ్బిలాలు ఒకదాన్నొకటి నెట్టుకునేవి. వేయించిన వేరుశెనక్కాయలు కొంగులో పెట్టుకుని ఒలిచి ఒక్కొక్కటే నా నోట్లో వేస్తూ, "సామీ, ఈ బిడ్డ ఊపిరి నీ చేతిలో ఉండాది, కాస్త చూసుకో" అని సాములతో మాట్లాడేది. జవాబేమైనా వస్తుందని ఆగేది కాదు. చెప్పి మళ్ళీ కాయలు ఒలుచుకునేది. నా ఊపిరి మాత్రం అక్కడ నిజంగానే సర్దుకునేది.

కూర్చున్న సామి పాదాల కింద అడ్డంగా ఒక వరస అక్షరాలు చెక్కి ఉండేవి. బెత్తెడు పట్టీ. తెలుగు కాదు, ఇప్పటి కన్నడం కాదు. ఊళ్ళో ఏ బిడ్డకైనా పలక పట్టించే ముందు గవికి తీసుకొచ్చి, చూపుడువేలు ఆముదంలో ముంచి, ఆ అక్షరాల గాడిలో మొదటి నుంచి చివరి దాకా నడిపించాలి. ఆ తర్వాతే ఇంటికి పోయి బియ్యంలో ఓనమాలు. నాకూ అట్లానే జరిగింది. నాయన నగర్తపేట నుంచి పనిగట్టుకుని వచ్చాడు దానికోసం.

"ఏముందవ్వా దాంట్లో?" అని అడిగితే, "నాకేం తెలుసు తల్లీ. మా అవ్వకూ తెలీదు. చదవను రాకపోతే మానె, వేలికి దారి తెలుస్తాది" అనేది.

మిగతా పిల్లలు ఒక్కసారి చేసి మరిచిపోయేవాళ్ళు. పడక మీద పడుకుని వేరే పని లేని నేను, ప్రతి ఎండాకాలం, ఊసుపోక ఆ వరస వెంబడి వేలు తిప్పుతూనే ఉండేదాన్ని. ఎక్కడ లోతో, ఎక్కడ రాయి కొంచెం పెట్లిందో, చివర అక్షరం తోక ఎట్లా పైకి లేస్తుందో నా వేలికి తెలుసు.

వానలకు ముందు ప్రతి ఏడూ గవికి సున్నం వేయడం ఆడవాళ్ళ పని. సున్నపు గుల్ల తెచ్చి కుండలో నీళ్ళు పోస్తే బుసబుస పొంగేది. కిత్తనార కుంచెలతో గోడంతా వేసి, మీద ఎర్రమన్ను పట్టెలు దిద్దేవాళ్ళు. కానీ అక్షరాల పట్టీకి చుక్క తగలనిచ్చేవాళ్ళు కాదు. దానికి నూనె ఒక్కటే. ఎన్ని తరాల పిల్లల వేళ్ళో, ఎంత ఆముదమో, ఆ పట్టీ నల్లగా చట్టి అడుగులాగా మెరుస్తుండేది.

ఒక ఏడు నేను పోయేసరికి ఊళ్ళో మాటలు వేరేగా ఉన్నాయి. గుట్ట అవతలి పక్క క్వారీ పెట్టారు. బండల మీద ఎర్ర రంగుతో గీతలు. తూటా పేలినప్పుడల్లా అవ్వ ఇంట్లో ఉట్టి మీద చట్లు గలగలమనేవి, గబ్బిలాలు పట్టపగలే బయటికొచ్చి దిక్కుతోచక తిరిగేవి. అవ్వ చేసే పని ఆపి, "సామీ" అనేది. అంతే. చప్పుడు ఆగాక మళ్ళీ పని.

మామ ఆఫీసుల చుట్టూ తిరిగి వచ్చాడు. తిరిగి తిరిగి మొహం నల్లబడిపోయింది.

"గుట్ట సర్కారుదంట, లీజుకిచ్చేసినారంట" అన్నాడు అరుగు మీద కూలబడి. "గవి ఉండాది సార్, సాములుండారు సార్ అని మొత్తుకున్నాను. సరే, గవి చూసేదానికి ఒక ఆపీసరును పంపిస్తామన్నారు. ఆయన రాసిస్తే ఈ పక్క తాకరంట."

"ఏం చూస్తాడంట?" అంది అవ్వ.

"గవి చూస్తాడంట."

"గవిలో ఏం చూస్తాడు?"

"నాకేం తెలుసమ్మా! గవి అన్నారు. అంతే."

ఆ మాటను ఊరంతా తనకు తెలిసినట్టు అర్థం చేసుకుంది. దీపం పెట్టే దిక్కు లేని దేవుడైతే ఎవరైనా కదిలిస్తారు. పూజ జరిగే దేవుడి జోలికి ఎవరొస్తారు? ఆపీసరు వచ్చి సాములకు ఆదరణ ఉందా లేదా చూసిపోతాడు. వేరే ఏం చూస్తాడు? ఎవరికీ వేరే ఆలోచన రాలేదు. నాకూ రాలేదు.

ఇక చూడండి ఆ హడావిడి. మా పెళ్ళిళ్ళకు కూడా అంత జరగలేదు. ఇంటింటికీ సున్నపు గుల్ల. ఎవరో వెండి కాగితం కళ్ళు తెచ్చారు, ఎవరో నామాలు దిద్దారు. వాళ్ళు నామాల సాములో విభూతి సాములో తెలియక, ఒకాయనకు నామం, ఇంకొకాయనకు విభూతి పెట్టి రెండు పక్షాలనూ ఊరడించారు. పెద్దమనుషులు కూర్చుని, చదువుకున్న ఆపీసరు ముందు సాములు దిసమొలతో ఉంటే ఊరికి పరువు తక్కువని, జరీ అంచు పంచెలు కట్టాలని తీర్మానం చేశారు. అవ్వ మొదట ఒప్పుకోలేదు.

"నువ్వే కదత్తా అన్నావు, సిగ్గు మన కంట్లో ఉండాదని?" అని మా అత్త మూతి తిప్పింది. అత్తాకోడళ్ళకు ఒక రోజు మాట పడకపోతే అన్నం అరిగేది కాదు. "ఇప్పుడు ఆపీసరు కంట్లో ఉండే సిగ్గుకు ఏం మందేస్తావు?"

"నీ నోటికి మందు లేదు గానీ, కట్టండి" అంది అవ్వ. "గుట్ట నిలిచినాక విప్పుదాం."

ఆ ఏడు సున్నం అవ్వే స్వయంగా కలిపింది. చేతికి అంటకుండా, వానకు కారకుండా ఉండాలని బెల్లం నీళ్ళు పోసి, తుమ్మబంక నానబెట్టి గుడ్డలో వడకట్టి పోసింది. "ఎంత రుద్దినా రాకూడదు. నిగనిగలాడాల" అంటూ. ఆ కుండ దగ్గర తియ్యటి వేడి వాసన, పాకం కాస్త మాడినట్టు. నేను వేలు పెట్టబోతే, "తింటే నోరు పొక్కిపోతాది, బెంగుళూరు పిల్లకు బెల్లం ఉంటే చాలు, సున్నమైనా నాకుతాది" అని అత్త చెయ్యి లాగింది.

అవ్వకు అప్పటికే మోకాళ్ళు పోయాయి. గుట్ట ఎక్కి చాన్నాళ్ళయింది. మామ వద్దంటే, "సామి కష్టంలో ఉంటే నా మోకాళ్ళ సంగతి చూసుకుంటానా?" అని నా భుజం పట్టుకుని ఎక్కింది. ఎక్కినంత సేపూ ఆమె ఊపిరీ నా ఊపిరీ ఒకటే కూత.

గవి తెల్లగా వెలిగిపోతోంది. పాలు పోసినట్టు. అవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత ఆమె చూపు కిందికి, అక్షరాల పట్టీ మీదికి పోయింది. అంత తెలుపులో అదొక్కటీ నల్లగా, జిడ్డుగా, పొగచూరిన పొయ్యి గోడలాగా కనిపించింది.

"ఇది చూస్తే సామిని ఏడాదంతా ఎవరూ పట్టించుకోలేదనుకుంటాడు" అంది మెల్లగా.

"దానికి సున్నం ఎప్పుడూ వెయ్యం కదత్తా" అంది అత్త. ఈసారి ఆమె గొంతులో వెటకారం లేదు.

"ఎప్పుడూ ఆపీసరు రాలేదు కదా. ఒక్క రోజు తెల్లగా ఉండనీ. పోయినాక కడిగి నూనె పెట్టుకుందాం." అవ్వ కింద కూర్చుని, కుంచె తీసుకుని, ఎవరికీ ఇవ్వకుండా తనే వేసింది. గాళ్ళలోకి సున్నం దిగకపోతే వేలితో అదిమింది. పైన మళ్ళీ ఒక పూత. చివర దండం పెట్టుకుంది. ఆమె అంత శ్రద్ధగా ఏ పనీ చేయడం నేను చూడలేదు.

మరుసటి రోజు ఆపీసరు వచ్చాడు. బస్సు దిగి, గొడుగు వేసుకుని, భుజాన పొడుగాటి గుడ్డసంచితో. సన్నగా ఉన్నాడు, ఎండకు వాడిపోయి. తప్పెట్లు కొట్టి ఎదురుపోయాం. ఆయన చేతులు ఊపి వద్దు వద్దంటున్నా అత్త హారతి ఇచ్చింది.

గవిలోకి వంగి వెళ్ళి, తల ఎత్తి, అట్లాగే నిలబడిపోయాడు. ఆ నిలబడటం చూసి మేమంతా మురిసిపోయాం. తర్వాత కన్నడం కలిసిన తెలుగులో నెమ్మదిగా అడిగాడు.

"ఇవి జైన తీర్థంకరుల బొమ్మలు. చానా పాతవి అయ్యుండొచ్చు. ఈ పంచెలు కాస్త తీస్తారా, చెక్కడం చూడాల."

పెద్దమనుషులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "ఆడోళ్ళు ఉండారు సార్" అన్నాడొకాయన. ఆ ఆడవాళ్ళే రోజూ నూనె పూసే సాములు. ఎవరూ నవ్వలేదు.

"పోనీ. ఇక్కడ రాత ఏమైనా ఉండాదా? రాతి మీద అక్షరాలు?"

అందరూ అవ్వ వైపు చూశారు. అవ్వ గోడ వైపు చూసింది.

"ఉండాయప్పా" అంది. "ఆ సున్నం కింద ఉండాయి."

ఆయన సంచి దింపి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నీళ్ళతో తడిపి గుడ్డతో రుద్దాడు. రాలేదు. కొబ్బరిపీచు తెప్పించి రుద్దాడు. బెల్లం, బంక పట్టుకున్నాయి. సంచిలోంచి కాగితం చుట్ట తీసి, తడిపి గోడకు అంటించి, పెద్ద బ్రష్షుతో తపతపా కొట్టాడు. అక్షరాల గాళ్ళలోకి కాగితం దిగితే వాటి అచ్చు పడుతుందట. కాగితం ఊడదీసి వెలుగుకు పట్టుకున్నాడు. దాని మీద ఏమీ లేదు. తెల్లదనం తప్ప.

"పూజ చూడప్పా" అంది అవ్వ, బతిమాలుతున్నట్టు. "ఎంత బాగా జరుగుతా ఉండాదో చూడు. ఇది రాసుకో."

"పూజ జరిగే గుళ్ళు ఊరూరా ఉండాయమ్మా. అది నా పని కాదు" అన్నాడాయన. కోపంగా కాదు. "పాతదనానికి గుర్తు కావాల నాకు. ఆ అక్షరాలు ఒక్క వరస కనపడుంటే ఈ పొద్దే రాసి పంపేవాణ్ణి. సున్నం మీద ఏం చూసి రాయను?"

అవ్వ తన కుడిచేతి వేళ్ళను చూసుకుంది. గోళ్ళ సందుల్లో సున్నం ఇంకా అట్లాగే ఉంది. ఏడవలేదు. ఆ చేతిని కొంగులో చుట్టేసుకుంది, అంతే.

"వానలకు వదులవుతాది. అప్పుడు వస్తాను. తప్పకుండా వస్తాను" అని ఆయన కాగితాన్ని జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకున్నాడు. కింద అవ్వ ఇంట్లో ఓళిగలు వడ్డిస్తే సగం తిని, మజ్జిగ తాగి, బస్సుకు పోయాడు.

ఆ తర్వాత చింతపండు నానబెట్టి రుద్దారు. పుల్లమజ్జిగ పోశారు. ఎవరో కొడవలి మొన పెట్టబోతే రాయే పోతుందని మామ చెయ్యి పట్టుకున్నాడు. నాలాంటి పిల్లలం గోళ్ళతో గీకాం. అక్కడక్కడా ఒక గీత, ఒక వంపు బయటపడేది, అంతే. వానల కోసం ఊరు ఎప్పుడూ ఎదురుచూసేది, కానీ ఆ ఏడు ఎదురుచూసింది చేల కోసం కాదు. అవ్వ పొద్దున లేవగానే ముందు మబ్బు వైపు చూసేది. అవతలి పక్క తూటాలు ఆగలేదు. ఉట్టి మీద చట్లు దించి నేల మీద పెట్టుకుంది. నాయన వచ్చి నన్ను నగర్తపేటకు తీసుకొచ్చేశాడు.

మళ్ళీ ఎండాకాలం బస్సు దిగి, అలవాటు కొద్దీ తల ఎత్తి చూశాను. గుట్ట ఉండాల్సిన చోట ఆకాశం ఉంది.

వానాకాలంలోనే క్వారీవాళ్ళు ఈ పక్కకు వచ్చేశారట. మామ, ఇంకొందరు పోయి అడ్డం నిలబడ్డారట. అన్నీ సరిగ్గా ఉన్నాయని కాగితాలు చూపించారట. "ఎవర్ని తిట్టేది అమ్మణ్ణీ?" అన్నాడు మామ. "రాయి కొట్టేవాళ్ళలో సగం మంది మన ఊరోళ్ళే. ఆ ఏడు సరిగ్గా వానల్లేక చేలు పోతే ఇంకేం చేస్తారు? తూటా పెట్టే ముందు వాళ్ళే పోయి సాములకు టెంకాయ కొట్టి దండం పెట్టుకున్నారు." అవ్వ అరుగు మీద గుట్ట వైపు వీపు పెట్టి కూర్చునేది. నాకు ఆయాసం వస్తే ఎక్కడ పడుకోబెట్టాలో తెలియక ఒడిలోనే పెట్టుకునేది.

ఆ ఎండాకాలమే ఆపీసరు మళ్ళీ వచ్చాడు. అదే గొడుగు, అదే సంచి. వేరే జిల్లాకు పంపారట, సెలవు పెట్టుకుని వచ్చాడట. ఊరి మొదట్లోనే ఆయనకు కనపడి ఉంటుంది, అయినా అవ్వ ఇంటి దాకా నడిచి వచ్చాడు. వాకిట్లో గొడుగు మూయడం కూడా మరిచిపోయి నిలబడ్డాడు. "ఆలస్యం చేసినానమ్మా" అన్నాడు.

"రా అప్పా, కూర్చో. నీ మాట నిలబెట్టుకున్నావు. అంతే చాలు" అంది అవ్వ. మజ్జిగ ఇప్పించింది. ఆయన తాగలేదు. కాసేపటికి ఆమే అంది: "ఆ రాతలో ఏముందో నాకు తెలీకుండానే పోతాను గదా."

"చూడకుండా ఎట్ల చెప్పేదమ్మా?"

అవ్వ నన్ను చెయ్యి పట్టి ముందుకు లాగింది. "దీని వేలికి తెలుసు."

అత్త చేటలో రాగిపిండి తెచ్చి పలచగా పరిచింది. నేను కళ్ళు మూసుకున్నాను, గవిలో పడుకున్నప్పటిలాగా. వేలు పెట్టాను. గుండ్రం, కొక్కెం, మళ్ళీ గుండ్రం. చివర అక్షరం తోక పైకి లేపి వేలు తీశాను.

ఆపీసరు చేట మీదికి వంగిపోయాడు. పెదాలు కదిలాయి. "పాత అక్షరాలే. అన్నీ కాదు, నడుమ కొన్ని తెలుస్తా ఉండాయి" అన్నాడు. "ఎవరో ఒకామె చేయించినట్టుంది ఆ సాములను. ఆమె పేరు దగ్గర మాత్రం తెలియడం లేదు."

"ఆడమనిషా?" అంది అవ్వ. ఆమె మొహం ఒక్కసారి పైకి లేచింది.

"అట్లనే ఉండాదమ్మా."

"అయితే ఇది రాసుకో సార్!" అన్నాడు మామ. "ఇప్పుడైనా రాసి పంపు!"

"రాయి కావాలప్పా" అన్నాడాయన. "రాయి లేకుండా, బిడ్డ వేలు చూసినానని ఎట్ల రాసేది? రాసినా దేన్ని కాపాడేది?"

ఆయన లేచి, వాకిట్లో నిలబడి, చెప్పులు విప్పాడు. ఆ చేటకు దండం పెట్టాడు. గవిలో ఆయన దండం పెట్టడం నేను చూడలేదు.

కాసేపటికి అత్త చేట పట్టుకుని, ఎటు పోవాలో తెలియనట్టు నిలబడింది. "అత్తా, ఈ పిండిని ఏం చేసేది?"

గాలి లేస్తోంది. అక్షరాల అంచులు అప్పుడే రాలుతున్నాయి. అవ్వ ఆ చేటను కొంచెంసేపు చూసింది.

"ఎసట్లో పొయ్యి. సంగటి కెలుకు" అంది. "అందరికీ పెట్టు. ఆయనకు ముందు పెట్టు."

ఆ రోజు ఉలవచారుతో తిన్నాం. ఆపీసరు ఈసారి ఏమీ మిగల్చలేదు. మళ్ళీ ఆయన ఎప్పుడూ కనపడలేదు. ఏ తల్లి కన్న బిడ్డో, ఎక్కడున్నా చల్లగా ఉండాలి. అవ్వ ఆ తర్వాత రెండు ఎండాకాలాలే ఉంది. నాకు ఆయాసం పెద్దయ్యాక తగ్గిపోయింది, ఎందుకో డాక్టర్లకూ తెలియదు. నేను ఎవరికి చెప్పుకోవాలో వాళ్ళకే చెప్పుకున్నాను, ఉన్నారో లేరో ఆలోచించకుండా.

మొన్న పనివాళ్ళు పోయాక మనవరాలు వదల్లేదు. "నాకూ నేర్పించవ్వా" అని చూపుడువేలు చాపింది. కొత్త గట్టు మీద రాగిపిండి చల్లి, ఆ వేలు పట్టుకుని మొదలుపెట్టాను. గుండ్రం, కొక్కెం, గుండ్రం. సగం దాకా బాగానే వచ్చింది. అక్కడ నా వేలు ఆగిపోయింది. కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ మొదటి నుంచి వచ్చాను. మళ్ళీ అక్కడే ఆగింది. ఆ తర్వాత, సాములను చేయించిన ఆమె పేరు ఉండాలి.

"అయిపోయిందా?" అంది పిల్ల.

"నాకు వచ్చింది ఇంతే తల్లీ" అన్నాను.

ఇప్పుడు పొద్దున పొయ్యి వెలిగించే ముందు, గట్టు మూలన ఒక చుక్క ఆముదం పెట్టి దండం పెట్టుకుంటున్నాను. ఏ గుట్ట రాయో నాకు తెలియదు. సాయంత్రం కోడలు ఆ మరకను సబ్బునీళ్ళతో తుడిచేస్తుంది. "ఏందత్తా ఈ జిడ్డు" అంటుంది గానీ ఇంకేం అనదు, మంచి పిల్ల. తుడవొద్దని నేనూ అనను. ఒక్క తుడుపుకే శుభ్రంగా పోతుంది. కింద రాయి రాయిలాగే ఉంటుంది.